లాంకాస్టర్ పచ్చిక బీళ్లలో ఐదు వారాలు

2023 మార్చి నెలాఖరులో మా బావమరిదికి మొదటి బిడ్డ పుట్టింది. బాలింతకు సాయంగా ఉండేందుకు మా ఇంటివారు బయలుదేరగా, సంఘపెద్దలు దయతో సెలవిచ్చినందున మేము కూడ అమెరికా ప్రయాణం కట్టాము. ఫిలడెల్ఫియాలో విమానం దిగి, కారులో పడమరగా సుమారు 110 కిలోమీటర్లు పోతే పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాంకాస్టర్ కౌంటీ వస్తుంది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. అమెరికా అనగానే మనకు మేడలే కళ్లకు కట్టుతాయి గాని, అక్కడ మాకు మొదట ఎదురైనది పేడ ఎరువు వాసన. పొలాలకు ఎరువు తోలే కాలమది. కారు అద్దం దించగానే మా ఇంటివారు, "గద్వాల దగ్గరికి వచ్చినట్టుందండీ" అన్నారు.

స్ట్రాస్‌బర్గ్ అనే చిన్న ఊరికి దగ్గరలో మా బావమరిది కాపురం. ఆ ఊరిలో ఇప్పటికీ ఆవిరి రైలు నడుస్తుంది. దాని కూత వినబడే పొలాలలో ఆమిష్ వారు కంచరగాడిదలతో దున్నుతుంటారు. వారు కార్లు నడపరు, ఇంటికి కరెంటు తీగ వేయించుకోరు. బూడిదరంగు పెట్టెల వంటి గుర్రపు బండ్లలో దారి పక్కగా పోతుంటారు. ఇంటిముందు బల్లమీద కోడిగుడ్లు పెట్టి, ప్రక్కన డబ్బుల డబ్బా పెట్టి, వారు తమ పనిమీద పోతారు. కావలసినవారు తీసుకొని సొమ్ము డబ్బాలో వేయవలెను. మేము మొదటి రోజున వేసిన డాలరును రెండుసార్లు లెక్కపెట్టి వేశాము! ఈ ఆమిష్ వారూ, మెన్నొనైట్ వారూ 16వ శతాబ్దములో ఐరోపాలో పుట్టిన ఒకే కుటుంబపు కొమ్మలు. 1693లో విడిపోయారు. మన పాలమూరు, గద్వాల, వనపర్తి ప్రాంతాల మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘాలకు ఈ చెట్టుతోనే చుట్టరికం.

మా బావమరిది ఇంటికి ప్రక్కనే ఒక మెన్నొనైట్ పెద్దాయన పొలమున్నది. వయసు 80కి దగ్గర. తన పేరు పత్రికలో రాయవద్దన్నారు గనుక రాయము. ఆయన దగ్గర నాలుగు గుర్రాలు. రెండు బెల్జియం జాతివి, ఒక్కొక్కటి ఇంచుమించు 900 కిలోలు, ఏనుగు పిల్లల్లాంటివి. ఒకటి బండి లాగి లాగి విశ్రాంతి తీసుకొంటున్న ఎర్రగుర్రం. నాలుగవది ఆయన మనుమరాలి పోనీ. పోనీ అంటే పొట్టి జాతి గుర్రం. మనం "పోనీ లెండి" అంటామే, ఆ పోనీ కాదు. అయినా ఈ కథలో ఆ పోనీకి కూడ కొంత పని ఉన్నది.

చలికాలమంతా ఆ గుర్రాలకు రాత్రి శాలలో కట్టు, పగలు గడ్డి మొలవని చిన్న దొడ్డిలో తిరుగుడు, తిండికి ఎండుగడ్డి. ఏప్రిల్ వచ్చేసరికి కంచె అవతల బీడు పచ్చబడింది. నాలుగూ కంచెమీద మెడలు వేసి ఆ పచ్చదనాన్నే చూస్తూ సకిలించేవి. పోనీ అయితే ముందుకాలితో తలుపు తన్నేది. మాకు కడుపు తరుక్కుపోయింది. ఎదురుగా గడ్డి, మధ్యలో ఒక కర్ర తలుపు! ఈ పెద్దాయన భక్తిపరుడే గాని మనసు కొంచెం గట్టిదేమో అని మా ఇంటివారితో అన్నాము. అది తొందరపాటు మాట.

ఆయన మాత్రం రోజూ ప్రొద్దున బీడులోనికి వెళ్లి మడమతో నేలను నొక్కి చూసేవారు. నీరు ఊరితే వెనక్కి వచ్చేసేవారు. మెత్తటి నేలలో 900 కిలోల జంతువు నడిస్తే గడ్డివేరు నలిగిపోయి, ఆ చోట బురదే మిగులుతుందట. తరువాత గడ్డి ప్రక్కన చెయ్యి పెట్టి కొలిచేవారు. 6 నుండి 8 అంగుళాలు, అంటే రమారమి జానెడు, ఎదిగితేనే మేతకు విడవాలి. మేసి మేసి బెత్తెడుకు దిగితే మళ్లీ తోలుకు రావాలి. మధ్యలో కంచె చుట్టూ తిరిగి ఊడిన మేకులు ఏరారు, నీళ్లతొట్టి కడిగారు. పురుగుల గుడ్లు ఎన్ని ఉన్నాయో చూపించేందుకు నాలుగింటి పేడనూ పశువైద్యునికి పంపారు. ఇవన్నీ మనవారూ చేయదగినవే.

ఈస్టరు ఏప్రిల్ 9న వచ్చింది. మరునాడు ఆయన గుర్రాలకు కడుపునిండ ఎండుగడ్డి పెట్టి, ఆ తరువాత తలుపు తీశారు. మూడు గుర్రాలు పరుగు తీసి, వీపుమీద పడి దొర్లి, లేచి, తల వంచి మేయ మొదలుపెట్టాయి. పావుగంట కాగానే పెద్దాయన వాటిని తిరిగి తోలుకొచ్చారు. పావుగంటే! నాలుగవదానిని అసలు విడువలేదు. పైగా పోనీ మూతికి తగిలించేందుకు ఒక చిక్కం సిద్ధం చేస్తున్నారు. ధాన్యం త్రొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయరాదని ద్వితీయోపదేశకాండములో చదివినవాళ్లము, ఊరుకోలేక అడిగేశాము. మా బావమరిది ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు.

పెద్దాయన నవ్వలేదు, నొచ్చుకోలేదు. పోనీ ముందుకాలు ఎత్తి గిట్ట అడుగు చూపించారు. గిట్టమీద ఉంగరాల్లాగా గీతలు తేలి ఉన్నాయి. "2021లో మనుమరాలు ఏడ్చింది. ఏప్రిల్ మొదట్లోనే తలుపు తీశాను. రోజంతా మేసింది" అన్నారు. మన మాటలో చెప్పాలంటే, పోనీ లెమ్మన్నారు. కొద్ది రోజులకే అది ముందుకాళ్లు చాచి, బరువంతా వెనుకకాళ్లమీద వేసి, కదలక నిలబడిపోయిందట. గిట్టలు ముట్టుకుంటే వేడి. గిట్టకూ లోపలి ఎముకకూ మధ్య వాటిని పట్టి ఉంచే పొర ఒకటి ఉంటుంది, మన గోరును వేలికి అంటించి ఉంచే చర్మం వంటిది. ఆ పొర వాచి పట్టు వదిలితే, ఎముక తిరిగిపోయి క్రిందికి దిగుతుంది. ముదిరితే అరికాలును చీల్చుకొని బయటికి కూడ రావచ్చు. ఎక్స్‌రేలో పోనీకి ఎముక కొంచెం తిరిగినట్టు కనబడింది. ఎనిమిది నెలలు పట్టింది తిన్నగా నడవడానికి. ఇప్పుడు దానిమీద ఎవరూ ఎక్కరు.

గడ్డి తింటే గిట్టకు జబ్బు ఎలా వస్తుందని మాకు పట్టలేదు. ఆయనా, తరువాత వచ్చిన పశువైద్యురాలూ ఓపికగా చెప్పినది ఇది. ఎండ కాసినంతసేపు గడ్డిలో చక్కెర తయారవుతుంది. రాత్రి ఆ చక్కెరను ఖర్చుపెట్టుకొని గడ్డి పెరుగుతుంది. అయితే వసంతారంభములో పగలు ఎండ, రాత్రి గడ్డకట్టే చలి. చలికి పెరుగుదల ఆగిపోతుంది గనుక నిన్నటి చక్కెర అట్లాగే నిలిచిపోయి, దానిమీద ఈనాటిది చేరుతుంది. తెల్లని మంచుపొర కరిగి తళతళలాడే ఆ లేతగడ్డే అన్నిటికంటె ప్రమాదమట. ఆవుకు ఉన్నట్టు గుర్రానికి నాలుగు గదుల పొట్ట లేదు. నెమరు లేదు, వాంతి చేసుకోలేదు. మేత అరగడానికి తోడ్పడే సూక్ష్మజీవులు దాని వెనుక పేగులో ఉంటాయి. నెలల తరబడి ఎండుగడ్డికి అలవాటుపడిన వాటిమీద ఒక్కసారిగా తీపి వచ్చి పడితే లోపల పులిసిపోతుంది. బలిసిన పోనీలకు ఇంకొక గండమున్నది. ఆ చక్కెరవలన రక్తములో ఇన్సులిన్ అతిగా పెరిగి, అదే గిట్టలోని పొరను చెరుపుతుంది. పచ్చికలో వచ్చే ఈ జబ్బుకు ఎక్కువగా ఇదే మూలమని ఇప్పటి వైద్యులు చెబుతున్నారు. అందుకే దానికి చిక్కం. దాని అడుగున చిన్న రంధ్రముంటుంది, అందులోనుండి కొనలు మాత్రమే అందుతాయి. దాని ఎండుగడ్డిని కూడ గంటసేపు నీళ్లలో నానబెట్టి, ఆ తీపి నీళ్లు పారబోసి పెట్టేవారు. నూర్పిడి ఎద్దుకు వేసే చిక్కం వేరు, ఇది వేరు అని మేము మనసులోనే ఒప్పుకొన్నాము.

బలిసినవే ముందు పోతాయి అన్న మాట వినగానే మాకు నోట మాట రాలేదు. మా ఇంటివారు గమనించారు.

1989 తొలకరి. అప్పటికి మాకు 11 ఏండ్లు. మా నాన్నగారికి ముప్పై చిల్లర గొర్రెలు. మొదటి వాన పడి నాలుగైదు రోజులకు గట్లమీద లేతగడ్డి వచ్చింది. ప్రొద్దెక్కి మంచు ఆరేదాకా దొడ్డి విప్పవద్దు, ముందు ఎండుమేత పెట్టు అని చెప్పి నాన్నగారు అంగడికి పోయారు. పిల్లలు అరుస్తుంటే చూడలేక మేము చీకటితోనే తడక తీశాము. అవి ఆత్రంగా మేసినంతసేపు గట్టుమీద కూర్చొని ఆనందపడ్డాము. ఎండ వచ్చేసరికి తిరిగి తోలి, తడక కట్టేశాము. మరునాటి తెల్లవారుజామున తొమ్మిది పిల్లలు కాళ్లు చాచి పడి ఉన్నాయి, అన్నీ బొద్దుగా ఉన్నవే. చిటుక రోగమన్నారు. గిట్టల జబ్బు వేరు, చిటుక వేరు. కాని రెండింటికీ ఆకలిగొన్న జీవమూ, లేతగడ్డీ, తొందరగా తెరిచిన తలుపూ కావలసి వచ్చాయి. తొలకరికి ముందే వేయించవలసిన టీకా ఆ ఏడు వేయించలేదు, తప్పు నాదే అని నాన్నగారు తలకొట్టుకొన్నారు. మేము నోరు విప్పలేదు. ఆ పిల్లలమీద రావలసిన సొమ్ముతోనే మా అన్న పదవ తరగతి సాగవలసి ఉన్నది. అన్న బడి మాని మంద వెంట పోయాడు. మేము చదువుకొని, వేదాంత పాఠశాలలో డిప్లొమా తెచ్చుకొన్నాము. నాన్నగారు 2011లో ప్రభువునందు నిద్రించేవరకు ఆ మాట మా నోట రాలేదు.

పావుగంట, మరునాడు అరగంట, ఆపైన ముప్పావుగంట. పెద్దాయన గడియారం చూసి తోలుకొచ్చేవారు. రాత్రి మంచు కురిసిన దినాలలో అది కూడ ఇవ్వక, మధ్యాహ్నముదాకా ఆపేవారు. ఒకసారి మూడు దినాలు వాన పడగా లెక్క వెనక్కి పోయింది. నాలుగైదు గంటలు మేసినా పేడ గట్టిగానే ఉన్నదని చూసుకొన్నాక, పగలంతా విడిచారు. ఏప్రిల్ 30 సాయంత్రం, ఇక రాత్రి కూడ బయటే అని, శాల తలుపు వేసేశారు. పోనీని మాత్రం చిక్కం తీసి, గడ్డిలేని దొడ్డిలోనే ఉంచి, నానిన ఎండుగడ్డి ముందు పెట్టారు. దానికి తోడుగా ఎర్రగుర్రాన్ని ఆ రాత్రి ప్రక్క కంచె దగ్గర ఉంచారు, ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకొంటుందట. మనుమరాలు దాని మెడమీద చెయ్యివేసి చాలసేపు నిలబడింది.

రాత్రి 9 గంటలకు మేము అన్నకు ఫోను చేశాము. మనకు అది మరునాటి ఉదయం ఆరున్నర. మందను విప్పే వేళ. చిటుక టీకా సంగతి అడిగి, ఆ వెనుకే 1989 సంగతి చెప్పేశాము. అటువైపు కొంచెంసేపు గొర్రెల అరుపులే వినబడ్డాయి.

"నాయినకు ఆ పొద్దే తెలుసురా. తడకకు నువ్వు ఏసే ముడి ఏరేగా ఉంటది గదా" అన్నాడు అన్న. "నీకు చెప్పొద్దన్నడు. చదువుకునే పిలగాడు, మనసు చెడుతది అన్నడు."

మేము ఏమీ అనలేకపోయాము. టీకాలు మే నెలలో వస్తయని డాక్టరు చెప్పిండు, ఈసారి నలభై ఆరు జీవాలు ఉన్నయి, ఏపిస్త, ఇగ ఫోను పెట్టు, నీకు బిల్లు ఎక్కువైతది అన్నాడు.