గంట కొట్టించకండి!

వంటలూ, ఊరగాయలూ ఉండే పేజీల్లో వీడియో గేముల గోలేమిటని ముక్కున వేలేసుకోకండి. నేనూ మీలాంటిదాన్నే. కంప్యూటరంటే పిల్లల్ని పాడుచేసే పెట్టె అని నిన్నమొన్నటిదాకా నమ్మినదాన్నే.

మావాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. పోయిన సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. అప్పట్నుంచీ ఇంట్లో మాటల్లేవు. మావారు ఆఫీసునుంచి రాగానే "ఏరా, ఏమైనా చదివావా?" అంటారు. వాడు గదిలోకెళ్ళి తలుపేసుకుంటాడు. లోపల్నుంచి కత్తుల చప్పుడు, గుర్రాల డెక్కల చప్పుడు! ఏడుపూ కోపమూ రెండూ ముంచుకొచ్చేవి నాకు. ఓ రోజు పల్లీలు వలుచుకుంటూ వెళ్ళి వాడి పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నాను. తిట్టడానికి కాదు, ఊరికే.

ఆ ఆట పేరు 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'. 1999లో వచ్చింది, 2019లో కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేశారు. మొదట్లో ముగ్గురు పనివాళ్ళనీ, ఓ గుర్రపు రౌతునీ, ఊరి మధ్య టౌన్ సెంటర్ అనే కట్టడాన్నీ ఇస్తారు. ఆ పనివాళ్ళచేత తిండి, కట్టె, బంగారం, రాయి పోగుచేయించాలి. ఇళ్ళు కట్టించి, సైన్యాన్ని పెంచి ఎదుటివాడి మీదికి వెళ్ళాలి. ఆ ఎదుటివాడు ఎక్కడో తన కంప్యూటర్ ముందు కూర్చున్న ఇంకో మనిషి. చదరంగంలోలా నీ ఎత్తు, నా ఎత్తు అని ఆగడం ఉండదు. ఇద్దరూ ఒకేసారి ఆడుతూనే ఉంటారు.

ఆరోజు మావాడు ఐదు గుర్రాలతో వెళ్ళి అవతలివాణ్ణి హడలెత్తించాడు. గెలిచాడనే అనుకున్నాను. పావుగంట తిరక్కుండా వీడే ఓడిపోయాడు. "అదేమిట్రా?" అన్నాను. "వెనకనుంచి కొత్తవి రాలేదమ్మా, ఆ ఐదుతోనే నెట్టుకొచ్చా" అన్నాడు. మూడు వారాల్లో వాడు నాతో అన్న మొదటి పూర్తి వాక్యం అదేనండీ!

దాడి మొదలుపెట్టడం తేలికే. ఆగకుండా నడపటమే కష్టం. మన నెలఖర్చుల లెక్కలాంటిదే, చూడండి. ఒక రౌతుకి 80 తిండి కావాలి, తయారవడానికి ఆట గడియారంలో 30 సెకన్లు. ఒక పనివాడికి 50 తిండి, 25 సెకన్లు. రెండూ ఆగకుండా సాగాలంటే నిమిషానికి 160, 120, వెరసి 280 తిండి వస్తూ ఉండాలి. యుద్ధం మొదలైంది కదా అని పనివాళ్ళని పెంచడం ఆపితే కాసేపటికి డబ్బా అడుగు కనిపిస్తుంది. పైగా ప్రతి ఐదుగురికీ ఒక ఇల్లు, దానికి 25 కట్టె. ఇల్లు లేకపోతే కొత్త మనిషి రాడు. మావాడి జబ్బల్లా ఇదే, యుద్ధం చూస్తూ ఇల్లు మర్చిపోతాడు. (తండ్రి పోలిక!) ఒక పొయ్యి మీద పప్పు, ఇంకోదాని మీద పాలు పెట్టి కూరలవాడితో బేరమాడే మనకి ఇదో లెక్కా? "ఒరేయ్, ఇల్లు!" అని నేను కేకేసేదాన్ని.

ఇంకా ఉన్నాయి కిటుకులు. కొత్తగా తయారైన గుర్రం నేరుగా యుద్ధం దగ్గరికి వెళ్ళేట్టు ముందే చోటు గుర్తుపెట్టాలి. దెబ్బతిన్నదాన్ని వెనక్కి లాగెయ్యాలి, చచ్చిన గుర్రంకంటే కుంటి గుర్రం నయం. టౌన్ సెంటర్ నుంచి బాణాలు పడేచోట నిలబడకూడదు. అవతలివాడు ఈటెలవాళ్ళని దింపితే గుర్రాలు ఆగవు, అప్పుడు మనం విలుకాళ్ళకి మారాలి. వాళ్ళకి బంగారం కావాలి కాబట్టి అది ముందునుంచే తవ్విస్తూ ఉండాలి.

"ఇంతా చేసి ఎంతమందిని చంపావురా?" అన్నాను ఒకసారి.

"ఇద్దర్నే. చంపక్కర్లేదమ్మా, వాణ్ణి పనిచేసుకోనివ్వకపోతే చాలు. నా గుర్రాలు కనపడగానే వాడు గంట కొడతాడు. పనివాళ్ళంతా పొలాలొదిలేసి లోపల దాక్కుంటారు. అంతసేపూ ఒక్క గింజ రాదు. వాళ్ళు బయటికి రాగానే నేను మళ్ళీ వెళ్తా."

నా చేతిలో పల్లీకాయ చేతిలోనే ఉండిపోయింది.

పొద్దున్న కాఫీ దగ్గర మావారు. కాలేజీనుంచి రాగానే నేను. ఆదివారం ఫోన్లో మా ఆడపడుచు. రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ మావారు. గేటు చప్పుడైతే చాలు, వాడు తలుపేసుకుంటున్నాడు. వేసుకున్నాక, పుస్తకం తియ్యలేదేమని మళ్ళీ మేమే తలుపు కొడుతున్నాం.

ఆ రాత్రి మావారితో అన్నాను, "ఏమండీ, ఓ నెల్లాళ్ళు వాణ్ణి చదువు సంగతి అడగొద్దు" అని. "ఆటలు చూసి పెంపకం నేర్చుకుంటున్నావా?" అని ఎగిరిపడ్డారు. నేనూ ఊరుకోలేదు. చివరికి వారానికొకసారి, అదీ ఆదివారం మాత్రమే అడగాలని ఒప్పందం. పదకొండు రోజులు నిలబెట్టుకున్నారు. పన్నెండో రోజు నోరు తెరవబోతే పెరుగు గిన్నె చేతికిచ్చాను.

పరీక్షలు వచ్చే నెల. ఏమవుతుందో నాకూ తెలీదు. తలుపు మాత్రం ఓరగా ఉంటోంది. రెండుసార్లు పుస్తకం తెరిచుండటం చూశాను, చూడనట్టే వచ్చేశాను.

నిన్న రాత్రి పోపు వేస్తుంటే "అమ్మా, ఇల్లు కట్టానంటావా?" అని గదిలోంచి కేక. ఉన్నచోటునుంచే "లేదురా" అన్నాను.

నిజంగానే కట్టలేదట.