నుంగంబాకం రాతిస్తంభం నుంచి కొడైకెనాల్ కొండ దాకా

ఎల్.టి.సి. మీద కొడైకెనాల్ వెళ్ళి వచ్చిన సహోద్యోగులు మన సంస్థలో అనేకులు ఉన్నారు. సరస్సులో పడవ విహారం, కోకర్స్ వాక్, మంచులో దోబూచులాడే శిలాస్తంభాలు, ఇళ్ళలో తయారుచేసి అమ్మే చాక్లెట్లు - వీటిని గురించి వారు ఎంతో ఉత్సాహంగా చెబుతారు. అదే కొండ మీద శతాబ్దానికి పైగా సూర్యుని ముఖచిత్రాన్ని తీస్తూ వచ్చిన ఒక పాత దుర్భిణి ఉన్నదంటే మాత్రం ఆశ్చర్యపోతారు. మా కుటుంబం చేసిన దక్షిణదేశ యాత్రలో నా మనస్సంతా ఆ దుర్భిణి మీదనే ఉన్నది. దానికి కారణం చెప్పాలంటే నేను చేసిన ఒక అపరాధాన్ని ముందుగా ఒప్పుకోవాలి.

ఇరవై ఏళ్ళ క్రితం విశాఖపట్నంలో, రేవు సమీపాన ఉన్న పాత ఇనుప సామాన్ల కొట్టులో నాకొక ఇత్తడి దుర్భిణి దొరికింది. ఓడల మీద వాడే రకం. నాలుగు గొట్టాలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయి. నల్లగా మసిబారి ఉన్నా, లోపలి గొట్టం అంచున సన్నని అక్షరాలు చెక్కి ఉన్నట్లు లీలగా కనిపించేది. తూకానికి డబ్బు చెల్లించి ఇంటికి తెచ్చాను. మరునాడే పాలిషింగ్ చక్రానికి పట్టించి, బంగారంలా మెరిసేదాకా వదలలేదు. మా శ్రీమతి దానిని చూసి "ఏమండీ, పెళ్ళిబిందెలా ఉందండీ" అని మెచ్చుకున్నది కూడా.

ఆ ఆనందం వారం రోజులు కూడా నిలవలేదు. పనిముట్ల మరమ్మతులో జీవితమంతా గడిపి పదవీ విరమణ చేసిన ఒక వృద్ధ మెకానిక్‌కు దానిని చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు "పేరు తుడిచేశారండి సార్" అన్నారు. తయారీదారు పేరు, ఊరు చెక్కిన అక్షరాలు నా చేతులతోనే అరిగిపోయాయి. ఇత్తడికి ఒకప్పుడు పూసిన లక్క వార్నిషు పూత కూడా పోయింది. ఇక అది ఎవరు చేసినదో, ఎప్పటిదో చెప్పేవారు లేరు.

అంతటితో అయిందా? ముందరి కటకాన్ని శుభ్రం చేద్దామని విప్పాను. అది ఒక్క గాజుబిళ్ళ కాదు, రెండు. ఒకటి క్రౌన్ గాజు, రెండవది ఫ్లింట్ గాజు. వెలుగులోని రంగులు విడిపోయి బొమ్మ అంచులు రంగురంగులుగా కనిపించే దోషాన్ని ఒకదానితో ఒకటి సరిచేసుకోవడానికే ఈ జంట. వాటి మధ్య ఎడం చెడకుండా మూడు చిన్న తగరపు రేకు ముక్కలు ఉన్నాయి. ఏది ముందు, ఏది వెనుక అని గుర్తు పెట్టుకోకుండా బిగించాను. ఎదుటి కొండ కాస్తా పొగమంచుగా మారింది. విప్పే ముందే రెండు గాజుల అంచు మీద పెన్సిల్‌తో ఒక గీత గీయాలనే చిన్న సూత్రం తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఆనాటి నుంచి నా పద్ధతి మారింది. సముద్రతీరపు తేమకు కటకాల మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. దానిని త్వరగా తొలగించకపోతే గాజునే తినివేస్తుంది. అందుకు స్వేదనజలం, మెత్తని దూది, ఓర్పు - ఇవి మూడూ చాలు. ఇత్తడిని ఇప్పుడు పొడిగుడ్డతో తుడవడమే తప్ప తోమను. ఇప్పటికి పదకొండు పనిముట్లు నా చేతుల మీదుగా బాగుపడ్డాయి.

ఈ వ్యాపకం వల్లనే మన ఊరి చరిత్ర ఒకటి తెలిసింది. మద్రాసు నక్షత్రశాలలో టి.జి. టేలర్ వద్ద శిక్షణ పొందిన గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో సొంత నక్షత్రశాలను నెలకొల్పారు. ఆయన అనంతరం అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటిపోవడాన్ని పరిశీలించారు. ఈనాడు ఆ వీధుల్లో తిరిగితే దుకాణాలు, ఆటోలు, రద్దీ తప్ప మరేమీ కనిపించవు. ఆ శాస్త్రపరంపరలో ఏమి మిగిలి ఉన్నదో చూడాలన్న కోరికతోనే ఈ యాత్రకు బయలుదేరాను.

మొదటి మజిలీ చెన్నై. 1786లో విలియం పెట్రీ అనే ఉద్యోగి సొంతంగా ప్రారంభించిన నక్షత్రశాలకు 1792లో నుంగంబాకంలో భవనం ఏర్పడింది. దానిని రూపొందించినవాడు మైకేల్ టాపింగ్. 11 వేలకు పైగా తారల స్థానాలతో టేలర్ పట్టిక తయారుచేసింది అక్కడే. చింతామణి రఘునాథాచారి 1867లో ఒక చరతారను కనుగొన్నదీ అక్కడే. భవనం నేడు లేదు. వాతావరణ శాఖ ఆవరణలో, ఒకప్పుడు పరిశీలన యంత్రాన్ని మోసిన గ్రానైటు స్తంభం మాత్రం నిలిచి ఉంది. దాదాపు 10 టన్నుల బరువుంటుందని అంటారు. దాని మీద లాటిన్, తమిళం, హిందుస్తానీలతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కారు. వెయ్యేళ్ళ తరువాతి వారికి కూడా ఈ శాల సంగతి తెలియాలని అందులోని ఆశయం. మన లిపిని ఆ రాతి మీద వేలితో తడుముతూ ఉంటే, నా పాలిషింగ్ చక్రం కింద అరిగిపోయిన అక్షరాలు గుర్తుకు వచ్చి సిగ్గు కలిగింది.

అక్కడి నుంచి రైలులో కొడై రోడ్ స్టేషను, తరువాత ఘాట్ రోడ్డు మీద బస్సు. మా వాళ్ళు సరస్సు వైపు వెళ్ళగా, నేను ముందుగా అనుమతి కోరి ఉంచిన సౌర పరిశోధనశాలకు నడిచాను. సముద్రమట్టానికి 2,343 మీటర్ల ఎత్తు. మేఘాల పైన ఉన్నామా అనిపించే నిర్మలమైన ఉదయం. 1899లో ఇక్కడ పని మొదలై, మద్రాసు యంత్రాలు కొన్ని ఈ కొండ ఎక్కాయి. 1909లో జాన్ ఎవర్షెడ్ సూర్యకళంకాలలో వాయువులు వెలుపలికి ప్రవహిస్తున్నాయని కనుగొన్నది ఇక్కడే. ఈ శాలకు తొలి భారతీయ సంచాలకులు అప్పడవేదుల లక్ష్మీనారాయణ గారు మన తెలుగువారు. హైదరాబాదులో చదువుకున్న వేణు బప్పు 1960లో ఇక్కడి బాధ్యతలు స్వీకరించారు.

నేను వెతుక్కుంటూ వచ్చిన దుర్భిణి కటకం వ్యాసం 15 సెంటీమీటర్లు మాత్రమే. 1850 ప్రాంతంలో మద్రాసు నక్షత్రశాలకు వచ్చింది. 1898లో హోవర్డ్ గ్రబ్ దానిని సూర్యుని ఛాయాచిత్రాలు తీయడానికి అనువుగా మార్చాడు. 20 సెంటీమీటర్ల సూర్యబింబాన్ని ఇస్తుంది. 1904 నుంచి తీసిన అటువంటి చిత్రాల రాశి ఇక్కడ భద్రంగా ఉంది. సూర్యకళంకాలు దాదాపు 11 ఏళ్ళకొకసారి పెరిగి తరుగుతాయి కదా, అటువంటి ఆవృత్తులు పది ఆ గాజు పలకలలోనూ ఫిల్ములలోనూ దాగి ఉన్నాయి.

అక్కడ నిలబడినప్పుడు ఒక సందేహం కలిగింది. పాతదానిని పాతదిగానే ఉంచాలని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను. గ్రబ్ చేసినది మార్పే కదా? ఆలోచించగా భేదం బోధపడింది. ఆయన దాని పనిని నిలబెట్టడానికి మార్చాడు, మార్చిన సంగతి నమోదై ఉంది. నేను నా కంటికి అందం కోసం మార్చాను, మార్చినది ఎక్కడా రాసి పెట్టలేదు. ఇంజనీరుకు ఆ రెంటి మధ్య ఉన్న దూరం చిన్నది కాదు.

ఈ ఆలోచనతో తిరిగి వచ్చి విధుల్లో చేరిన రోజునే నా బల్ల మీద ఒక ఫైలు కనిపించింది. నిరుపయోగమని తేల్చి వేలానికి పంపవలసిన సామగ్రి జాబితా. కమిటీ సభ్యునిగా నేను సంతకం చేయాలి. అందులో మూడు థియోడొలైట్లు, రెండు డంపీ లెవెళ్ళు ఉన్నాయి. స్టోర్సుకు వెళ్ళి పెట్టెలు తెరిపించాను. ఒక థియోడొలైటులో గురి చూసే అడ్డగీతలు గాజు మీద గీసినవి కావు, అచ్చమైన సాలెపురుగు దారాలు. పెట్టె మూత లోపల మన తొలితరం సర్వేయరు ఒకరు పెన్సిల్‌తో రాసుకున్న కొలతలున్నాయి. పొదలు, ముళ్ళు తప్ప మరేమీ లేని ఈ నేల మీద మన కర్మాగారానికి తొలి గుర్తులు వేసినది ఆ పనిముట్లతోనే. టోటల్ స్టేషన్లు వచ్చాక వాటి అవసరం తీరిపోయింది. ఇత్తడి తూకానికి పోతే ఎంత వస్తుందో జాబితాలో రాసి ఉంది, పెద్ద మొత్తమేమీ కాదు.

ఆ అయిదు వస్తువులను జాబితా నుంచి తప్పించమని కోరుతూ నోట్ రాసి, సంతకం పెట్టకుండా ఫైలును పైకి పంపాను. నిర్ణయం ఇంకా రాలేదు. నిబంధనలు నాకు తెలియనివి కావు. మన శిక్షణ కేంద్రంలో ఒక గాజు అలమరా చోటు దొరికితే, వాటిని శుభ్రపరిచి, చేసిన ప్రతి పనినీ పుస్తకంలో నమోదుచేసి అప్పగించే బాధ్యత నాది. పదవీ విరమణకు మిగిలిన రెండేళ్ళలోని ఆదివారాలు అందుకు సరిపోతాయి.

మిత్రులకు ఒక్క విన్నపం. మీ విభాగంలో పాత దుర్భిణి, సూక్ష్మదర్శిని, లెవెల్ ఏదైనా మూల పడి ఉంటే కబురు చేయండి. నేను వచ్చేదాకా దయచేసి దానిని తోమకండి.