అటక మీద ఫిడేళ్లు

మా కొత్తవలసలో వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నా. ఓ రాత్రి యూట్యూబ్‌లో ‘డెల్లా మే’ బ్యాండ్ కనిపించింది. అందరూ అమ్మాయిలే! ఫిడేలు, మాండలిన్, గిటార్‌తో బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతం దంచేస్తున్నారు. వెతికితే, 1937లోనే ‘కూన్ క్రీక్ గర్ల్స్’ అని ఆడవాళ్ల బృందం ఉందట. 1939లో వైట్‌హౌస్‌లో బ్రిటన్ రాజు ముందు వాయించారు.

అమ్మకి చూపించా.

“ఏటే, నిలబడి వాయిస్తే జారిపోదేటే?” అంది.

మన దగ్గర కింద కూర్చుని, ఫిడేలు తలని పాదం మీద ఆనించి వాయిస్తారు కదా! అమ్మ పెళ్లికి ముందు రోజూ రైల్లో విజయనగరం వెళ్లి నేర్చుకుంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ప్రిన్సిపల్‌గా చేసిన మహారాజా సంగీత కళాశాల అది. ఆయన కూతురు మంగతాయారుగారూ వయొలిన్ విద్వాంసురాలే.

పెళ్లయ్యాక అమ్మ ఫిడేలు అటకెక్కింది. టెన్త్ అయ్యాక నాదీ ఎక్కింది. “ఇంజినీరింగ్ అయ్యాక చూద్దాంలే” అన్నది అమ్మే. ఇంజినీరింగ్ అయింది, ఉద్యోగం వచ్చింది. ఆ మాట మళ్లీ ఇద్దరం ఎత్తలేదు.

పొద్దున్న లేచేసరికి అటక కింద స్టూలు, అమ్మ ఒళ్లో దుమ్ము పట్టిన పెట్టె.

“తీగలు తెగిపోయాయే. ఆన్‌లైన్‌లో దొరుకుతాయేటి?”

రెండు సెట్లు ఆర్డర్ పెట్టా.