రాతి జాలీల హోటలు

పిల్లలూ! రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ నగరాన్ని 1459లో రావ్ జోధా స్థాపించాడు. కొండమీద మెహ్రాన్‌గఢ్ కోట, దాని కింద నీలిరంగు ఇళ్ళతో, ఇరుకు సందులతో పాత ఊరు ఉన్నవి. ఆ సందుల్లోనే, కోటకు దిగువన, ‘రాస్’ అనే చిన్న హోటలున్నది. దానికి గదులు 39 మాత్రమే.

అక్కడ 18వ శతాబ్దపు హవేలీ ఉండేది. హవేలీ అంటే మన మండువా లోగిలి వంటి గొప్ప ఇల్లు. దాన్ని కూలగొట్టి అద్దాల మేడ కట్టడం తేలికే, కాని ఆ ఎండలకు అద్దాల మేడ కొలిమి అయిపోతుంది! అందుచేత వాస్తుశిల్పులు పాత కట్టడాలను సున్నంతో బాగుచేయించి, పక్కన కొత్త గదులు కట్టారు.

మరి ఆ గదులు చల్లగా ఎలా ఉంటాయంటారా? ప్రతి గది ముందూ ఎర్ర ఇసుకరాతిని జల్లెడలాగా తొలిచిన తెర ఉంటుంది. దాన్ని జాలీ అంటారు. ఎండ దానికి తగులుతుందే గాని లోపలి గోడకు తగలదు. గాలి మాత్రం కన్నాలగుండా వస్తూనే ఉంటుంది. ఈ ఉపాయం రాజుల కాలంనాటిదే. కొత్తదనమల్లా ఏమిటంటే, ఈ రాతితెరలను తలుపుల్లాగా మడవవచ్చు. మడిచారా, ఎదురుగా కోట! 2011లో ఈ కట్టడానికి ప్రపంచ వాస్తుశిల్ప ఉత్సవంలో బహుమతి వచ్చింది.

నాకు మాత్రం హోటలుకన్న దాని పక్కనున్న దిగుడుబావి ఎక్కువ నచ్చుతుంది. ‘తూర్జీ కా ఝాల్‌రా’ అనే ఈ బావిని 1740 ప్రాంతంలో ఒక రాణి తవ్వించింది. చాలా ఏళ్ళు అది చెత్తతో, మురికినీటితో నిండిపోయి, ఎవరికీ పట్టకుండా ఉండిపోయింది. హోటలు వచ్చిన తరవాత దాన్ని శుభ్రం చేయించారు. హోటల్లో దిగాలంటే బోలెడు డబ్బు కావాలి. బావి మెట్లమీద కూర్చోవటానికి పైసా అక్కర్లేదు. ఊరి పిల్లలు గోడమీదినుంచి నీళ్ళలోకి దూకి ఈతలు కొడుతూంటారు. బావి చాలా లోతు, మీరు మెట్లమీదనే ఉండి చూడండి.