గేర్‌బాక్స్ దింపిన రోజు

బెజవాడ వచ్చినవాళ్లు కొండెక్కి దుర్గమ్మను చూస్తారు. ప్రకాశం బ్యారేజీ మీద ఫొటో దిగుతారు. ఆటోనగర్ చూద్దామని మాత్రం ఎవరూ రారు. బండి మొరాయిస్తేనే వస్తారు. నేనూ అలాగే వెళ్లాను. ఒక రోజంతా అక్కడ గడిపాక, ఊరికే చూడ్డానికైనా వెళ్లదగ్గ చోటు అనిపించింది.

చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాద్ నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు రహదారి బెంజ్ సర్కిల్ దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి బందరు రోడ్డు మీద కాస్త దూరం వెళ్తే ఆటోనగర్ గేటు. లోపలికి అడుగుపెట్టగానే ముందు ముక్కుకు తెలుస్తుంది. డీజిల్, గ్రీజు, వెల్డింగ్ పొగ, కొత్తగా కోసిన చెక్క. ఒకచోట లారీ బాడీలు కడుతుంటారు. ఇంకోచోట కమాన్ కట్టలు సాగగొడుతుంటారు. రేడియేటర్లకు ఒకళ్లు, సెల్ఫ్ మోటార్లకు ఒకళ్లు, సీట్లు కుట్టడానికి ఒకళ్లు. ఎవరి పని వాళ్లదే. పక్కవాడి పనిలో వేలు పెట్టరు, కానీ పక్కవాడి అడ్రస్ మాత్రం అందరికీ తెలుసు.

మా బాబాయికి ఓ డీజిల్ పికప్ ఉంది. తనే ఓనరు, తనే డ్రైవరు. వేసవి వస్తే నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయలు తోలతాడు. ఏడాది మొత్తంలో ఆ రెండు నెలలే ఆయనకు నాలుగు డబ్బులు మిగిలేది. సరిగ్గా ఏప్రిల్ చివర్లో, ఆగిరిపల్లి దాటాక, రెండో గేరు వేస్తుంటే జారిపోయి న్యూట్రల్‌కి వచ్చేయడం మొదలైంది. కింద నుంచి ఒకటే మోత. సరుకు వేరే బండికెక్కించి, ఖాళీ బండిని మెల్లగా ఆటోనగర్ తెచ్చాడు. హైదరాబాద్ నుంచి సెలవు మీద వచ్చి ఇంట్లో ఉన్నాను కదా, "నువ్వు మెకానికల్ చదివావు కదరా, తోడురా" అని పిలిచాడు.

చదివింది నిజమే. మా బ్యాచ్‌లో చాలామందిలాగే మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరాను. పరీక్షల్లో గేర్‌బాక్స్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. దాన్ని బండి కింద నుంచి దింపడం చూడ్డం మాత్రం ఇదే మొదలు.

మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. బండి కింద దూరకుండానే రెండు ప్రశ్నలడిగాడు. "నిలబెట్టి క్లచ్ తొక్కితే మోత ఆగుతోందా?" ఆగుతోంది. "నాలుగో గేర్లో తగ్గుతోందా?" తగ్గుతోంది. "అయితే లే షాఫ్ట్ బేరింగులు పోయాయి" అని తేల్చేశాడు.

ఎలా చెప్పాడంటే, క్లచ్ తొక్కితే ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ సంబంధం తెగుతుంది. మోత ఆగిందంటే తప్పు గేర్‌బాక్స్‌లోనే ఉంది. ఇలాంటి బండ్లలో నాలుగో గేరు డైరెక్ట్. శక్తి ముందు షాఫ్ట్ నుంచి వెనక షాఫ్ట్‌కి తిన్నగా పోతుంది. కింద తిరిగే లే షాఫ్ట్ మీద భారం పడదు. మిగతా గేర్లలో మోగి నాలుగో గేర్లో సద్దుమణిగితే జబ్బు దానిదే. నేను పుస్తకంలో చదివింది ఆయన చెవితో చదివాడు.

ముందు బ్యాటరీ వైరు పీకారు. క్యాబిన్‌లోంచి గేర్ రాడ్ తీశారు. డ్రెయిన్ ప్లగ్గు విప్పితే నూనె సగం కూడా రాలేదు. వెనక సీలు కారిపోయి ఎన్నాళ్లయిందో! వచ్చిన నూనెలో పసుప్పచ్చటి మెరుపులు. అవి సింక్రో రింగుల ఇత్తడి పొడి. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేముందు రెండు ఫ్లాంజుల మీదా తెల్ల రంగుతో ఓ గీత గీశాడు కుర్రాడు. "మళ్లీ ఇదే లెక్కలో పడాలన్నా. లేకపోతే బండి వణుకుద్ది" అన్నాడు.

క్లచ్ సిలిండర్‌ని గొట్టంతో సహా పక్కకు కట్టేశారు. గొట్టం విప్పితే గాలి చేరి మళ్లీ అదో పని. సెల్ఫ్ మోటార్, రివర్స్ లైటు వైరు, మీటరు కేబుల్ ఒక్కోటీ ఊడొచ్చాయి. ఇంజిన్ కింద చెక్కదిమ్మ పెట్టి జాకీ ఎత్తారు. హౌసింగ్ బోల్టులు ఒక్కో పొడవు. కుర్రాడు అట్టపెట్టె ముక్క మీద హౌసింగ్ ఆకారం గీసి, ఏ చోటు బోల్టు ఆ చోట గుచ్చాడు. మా ఆఫీసులో అంత పద్ధతిగా నోట్స్ రాసేవాళ్లు తక్కువ.

చివరికి ముగ్గురు పట్టుకుని తిన్నగా వెనక్కి లాగారు. "వేలాడనివ్వకండ్రా! క్లచ్ ప్లేట్ వంకరపోద్ది" అని మేస్త్రి కేక.

గేర్‌బాక్స్ నేల మీదికొచ్చింది. అసలు సమస్య అప్పుడు మొదలైంది. కొత్తది వేస్తే సీజన్ లాభం మొత్తం దానికే. ఉన్నదాన్ని బాగుచేస్తే బేరింగులు, రింగులు, రెండో గేరు మార్చాలి, లేత్ పని కూడా పడొచ్చు. "గట్టి పని అదే. కానీ మూడ్రోజులు" అన్నాడు మేస్త్రి. ఆ మూడ్రోజులకూ బాబాయి అయిదు లోడ్లు ఒప్పుకుని ఉన్నాడు. నెల వాయిదా ఆగదు, తోటలో కాయా ఆగదు. మిగిలింది సెకండ్‌హ్యాండ్.

పాత సామాన్ల వీధికి వెళ్తూ మేస్త్రి మా పాత క్లచ్ ప్లేటు చంకలో పెట్టుకున్నాడు. మొదటి షాపులో తళతళలాడే గేర్‌బాక్స్ చూపించారు. "కొత్తగా రంగేశారంటే ఏదో దాచారని" అని నా చెవిలో అన్నాడు. ఒక్కో గేరూ వేసి చేత్తో షాఫ్ట్ తిప్పాడు. మూడో గేర్లో ఎక్కడో పట్టింది. మాట్లాడకుండా బయటికొచ్చేశాడు.

రెండో షాపులోది మట్టికొట్టుకుని ఉంది. అయిదు గేర్లూ, రివర్సూ తిప్పి చూశాడు. షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందికీ ఊపాడు. నూనెలో వేలు ముంచి వెలుగులో చూశాడు. చివరగా చంకలోని క్లచ్ ప్లేటు తీసి షాఫ్ట్‌కి తొడిగాడు. పళ్లు సరిపోయి, లూజు లేకుండా జారింది. 22,000 చెప్పారు. మా పాతది తీసుకుని 4,000 తగ్గించారు. కాగితం లేదు, బిల్లు లేదు. షాపతను గేర్‌బాక్స్ మీద ఎర్ర రంగుతో తన గుర్తు వేసి, "పదిహేను రోజుల్లో ఏదైనా అయితే ఈ గుర్తుతో తెండి" అన్నాడు. ఆటోనగర్‌లో గ్యారంటీ కార్డు అదే.

తిరిగొచ్చాక క్లచ్ దగ్గర పేచీ. "ఇంకా పట్టుకుంటోంది కదా, మళ్లీ చూద్దాంలే" అన్నాడు బాబాయి. ప్లేటు మీద రివెట్లు దాదాపు పైకి తేలి ఉన్నాయి. మేస్త్రి కోప్పడలేదు. "రెండు నెలల్లో మళ్లీ దింపుతావు. సామాను డబ్బులెలాగూ తప్పవు. దింపుడు కూలి మాత్రం రెండుసార్లు ఇస్తావు. నాకు లాభమే" అన్నాడు. బాబాయి నవ్వేశాడు. క్లచ్ సెట్టు, రిలీజ్ బేరింగు, ఇంజిన్ వెనక సీలు కొత్తవి పడ్డాయి. సందు దొరికినప్పుడు చిన్న సామాను మార్చేయాలి, అదీ లెక్క.

ఎక్కించడం ఇంకా కష్టం. కొత్త ప్లేటుని డమ్మీ షాఫ్ట్‌తో నడిమధ్యకు చేర్చి బిగించారు. గేర్‌బాక్స్ ఎత్తితే రెండంగుళాల దూరంలో ఆగిపోయింది. కొత్త హెల్పరొకడు బోల్టులు పెట్టి లాగేద్దామన్నాడు. "చెవి విరుగుద్ది" అని ఆపి, మేస్త్రి గేరులో ఉంచి వెనక ఫ్లాంజిని ఇంత తిప్పాడు. టక్కుమని కూర్చుంది. పక్క ప్లగ్గులోంచి పొర్లేదాకా నూనె పోశారు. జీఎల్-4 రకమే అడిగి తెప్పించాడు. జీఎల్-5లోని కొన్ని రసాయనాలు ఇత్తడి రింగులకు పడవు.

రాత్రి ఎనిమిదింటికి రామవరప్పాడు రింగు దాకా వెళ్లొచ్చాం. బాబాయి రెండో గేరు వేసి, కావాలనే యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కాడు. జారలేదు. మోత లేదు. ఆయన మొహంలో పొద్దుటి నుంచీ లేని వెలుగు కనిపించింది.

తెల్లారుజామునే నూజివీడు తోటలో లోడెక్కింది. పదిహేను రోజులూ గడిచాయి, సీజనూ అయిపోయింది. ఎర్ర గుర్తుతో ఆ షాపుకి వెళ్లే పని పడలేదు. ఇప్పుడు బాబాయికి కొత్త అలవాటొకటి వచ్చింది. పొద్దున్నే బండి తీసి నాలుగడుగులు ముందుకు ఆపి, రాత్రి బండి నిలబడ్డ చోట నేల మీద నూనె చుక్క ఉందేమోనని వంగి చూస్తాడు. మీకూ సరుకు బండి ఉంటే ఆ అలవాటు చేసుకోండి. సీలు మార్చడానికయ్యేది వందల్లోనే. గేర్‌బాక్స్ దింపితే వేలు.