ఉస్మానియా గురించి అందరినీ అడగండి

యూనివర్సిటీకి డబ్బు చాలనప్పుడల్లా ముందు ఆగిపోయేవి నియామకాలే. ఉస్మానియాలో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. ఏళ్ల తరబడి పాఠాల బరువు కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల మీదే పడింది. ప్రభుత్వమిచ్చే బ్లాక్ గ్రాంటులో పెద్ద భాగం జీతాలకూ పింఛన్లకూ పోతుంది. లోటు పూడ్చుకోవడానికి సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు, వాటికి తగ్గట్టు ఫీజులు. ఆ ఫీజు కోసం అప్పు చేసేది ఊళ్లో కౌలుకు దున్నుకునే తండ్రి.

ఒకసారి క్యాంపస్‌లోని ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌కు వెళ్లి చూడండి. చెట్ల కింద కూర్చుని, పక్కన టిఫిన్ బాక్సు పెట్టుకుని, గ్రూప్స్ పరీక్షల పుస్తకాల్లో మునిగిపోయిన పిల్లలు కనబడతారు. వాళ్లలో చాలామంది ఇంటి నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లు. ఏ కోర్సు ఉంచాలో, ఏది ఎత్తేయాలో తేల్చేటప్పుడు వీళ్లను అడిగేవారేరీ?

1918లో మొదలైన యూనివర్సిటీ ఇది. 1969లోనూ, 2009లోనూ ప్రత్యేక తెలంగాణ కోరే గొంతు ఇక్కడి నుంచి గట్టిగా వినిపించింది. అంత చేసిన క్యాంపస్ భవిష్యత్తును నాలుగు గోడల మధ్య తేల్చేయడం న్యాయం కాదు.

యూనివర్సిటీ ఆదాయ వ్యయాల లెక్కలు అందరికీ అర్థమయ్యే తెలుగులో బయటపెట్టండి. విద్యార్థులను, కాంట్రాక్టు అధ్యాపకులను, పింఛనుదారులను, తల్లిదండ్రులను కూర్చోబెట్టి వినండి. క్యాంపస్‌తో సరిపెట్టకుండా పిల్లలు వచ్చే జిల్లాల్లోనూ సభలు పెట్టండి. ఎవరేమన్నారో, దాంట్లో ఏది ఒప్పుకున్నారో, ఏది ఎందుకు కాదన్నారో రాసి చూపండి. ఇదంతా కోర్సుల మీద, ఫీజుల మీద నిర్ణయం తీసుకోవడానికి ముందే జరగాలి.

ఇక్కడ చదువుకుని బతుకుల్లో నిలదొక్కుకున్నవాళ్లం వేలల్లో ఉన్నాం. మన మాట వినమని మనమే అడగాలి.