అక్షరానికో నంబరు

నాకు కంప్యూటరు పిచ్చి ఉందని మా హాస్టల్లో అందరికీ తెలుసు. కొత్త వీడియో గేము వచ్చిందంటే చెప్పులన్నీ నా గది ముందే! కానీ ఆటలకంటే నాకు ముఖ్యమనిపించేది ఫార్మాటు. నవ్వకండి మిత్రులారా.

మన పాత సంచికల ఫైళ్ళు ఈమధ్య తెరిచి చూశాను. తెలుగు ఉండవలసిన చోట ఇంగ్లీషక్షరాలూ, చుక్కలూ, కొక్కేలూ! వైరస్సేమో అన్నాడు పక్కగది మిత్రుడు. కాదు. ఆ రోజుల్లో ఫాంట్లు చేసినవాళ్ళు ఇంగ్లీషక్షరాల నంబర్ల మీదే ఎవరికి తోచినట్లు వాళ్ళు తెలుగు బొమ్మలు అతికించారు. ఆ ఫాంటు లేకపోతే తెలుగూ లేనట్లే.

1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు ప్రత్యేకంగా 128 గళ్ళు కేటాయించింది. అందులో ‘అ’ అంటే 3077. అమలాపురంలోనైనా అమెరికాలోనైనా అంతే! వెతికితే దొరుకుతుంది, ఫాంటు మార్చినా చెదరదు.

అచ్చుకు పాత ఫాంట్లే అందమంటారు డి.టి.పి. సెంటర్లవాళ్ళు. కావచ్చు. కాని కాగితానికి అందం చాలు. దాచుకోవడానికి నంబరు కావాలి.

కనుక సంపాదకులకు నా మనవి: ఈ సంచిక ప్రతిని యూనికోడ్‌లో కూడా భద్రపరచండి. 2050లో మన పిల్లలు మన రాతలు చదివి నవ్వుకోవాలన్నా, ముందు అక్షరం కనబడాలి గదా!